సంకరం తిట్టు కాదు

1

మన సాహిత్య విమర్శలో కొన్ని మాటలు ఎవరూ గీటురాయి మీద పెట్టి చూడకుండానే చెల్లుబాటు అవుతున్నాయి. ‘సంకరం’ అటువంటి మాట. ఒక కథలో భాష తనకు నచ్చకపోతే విమర్శకుడు దాన్ని ‘సంకరభాష’ అని తోసివేస్తాడు. సొంత గొంతు లేని కవిత్వాన్ని ‘హైబ్రిడ్ కవిత్వం’ అంటాడు. రైతు జీవితం మీద రాసే కవి పాత విత్తనాన్ని తల్లిగానూ, కొత్త విత్తనాన్ని ఎక్కడినుంచో వచ్చిన మాయలాడిగానూ చిత్రిస్తాడు. సమాజానికి కీడు చేసేవాళ్లను ‘కలుపు మొక్కలు’ అనడం సరేసరి. నేనూ ఈ మాటలన్నీ వాడినవాణ్నే. ఇకమీదట వాడకూడదని ఎందుకు అనిపించిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ తిట్టు వెనక పెద్ద చరిత్రే ఉంది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు యుద్ధం వద్దనడానికి చెప్పిన కారణాల్లో వర్ణసంకరం ఒకటి. ఏయే వర్ణాల కలయిక వల్ల ఏయే హీనజాతులు పుడతాయో మనుస్మృతి పట్టిక వేసినట్టు చెబుతుంది. స్వచ్ఛత మేలు, కలయిక కీడు అనే ఈ భావం కులవ్యవస్థకు వెన్నెముక. ఆ వ్యవస్థను తిరస్కరిస్తున్నామని వేదికలెక్కి చెప్పే మనం దాని తిట్టును మాత్రం భద్రంగా దాచుకున్నాం.

నేను శాస్త్రజ్ఞుణ్ని కాను. తెలుగు ఎం.ఏ. చదివి బడిలో పాఠం చెప్పుకునేవాణ్ని. కాని పుంగనూరు దగ్గర రైతు కుటుంబంలో పుట్టాను. మొదటి ఉద్యోగం కుప్పం దగ్గర. ఇప్పుడు మదనపల్లెలో పనిచేస్తున్నాను. ఈ మూడు ఊళ్లూ నాకు మూడు పైర్లను చూపించాయి. కుప్పంలో ముసుకుజొన్న, పుంగనూరులో చెరకు, మదనపల్లెలో టమాటా. మూడింటి చరిత్రా వేరు. కాని సాగుమొక్క తన అడవి చుట్టంతో కలిసినప్పుడు ఏమవుతుందనే ప్రశ్నకు మూడూ చెప్పే జవాబు ఒకటే. ఆ జవాబు మన విమర్శ పరిభాషను ప్రశ్నిస్తున్నది.

2

ఇరవై ఏళ్ల కిందటి మాట. కుప్పం ఆంధ్రప్రదేశ్‌కు ఒక కొస. ఒక పక్క తమిళనాడు, మరో పక్క కర్ణాటక. అక్కడి పిల్లలు ఇంట్లో ఒక మాట, సంతలో ఒక మాట, బడిలో ఒక మాట నేర్చుకుంటారు. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో విశ్వవిద్యాలయాన్ని స్థాపించిందీ ఆ ఊళ్లోనే. అయినా బళ్లో కూచున్న మేము ఆ పిల్లల మాటను దిద్దుతూనే ఉన్నాం.

ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు సెలవురోజు గురించి వ్యాసం రాస్తూ ‘తక్కాళితోటకు నీళ్లు కట్టినాను’ అని రాశాడు. నేను ఎర్రసిరాతో ‘తక్కాళి’ కొట్టేసి ‘టమాటా’ అని రాశాను. పక్కన ‘సంకరభాష రాయరాదు’ అని హితవు కూడా చేర్చాను. వాడు ఏమీ అనలేదు. ఆ తరవాత ఎప్పుడూ వ్యాసాల్లో తోట గురించి రాయలేదు.

అదే పిల్లవాడు ఒకరోజు ముసుకుజొన్న కంకి ఒకటి తెచ్చాడు. మిగతాచోట్ల మొక్కజొన్న అనీ మక్క అనీ అనేదే మా వైపు ముసుకుజొన్న. అది వాళ్ల ఇంట్లో దాచుకున్న పాత తెల్లగింజల రకం. కాని ఆ కంకిలో తెల్లగింజల మధ్య అక్కడక్కడా పసుపుపచ్చ గింజలున్నాయి. ‘ఇట్ల ఎందుకైంది సార్?’ అని అడిగాడు. ‘విత్తనం కల్తీ అయింటుందిరా’ అన్నాను. వ్యాసంలో మాటనూ కంకిలో గింజనూ ఒకే చూపుతో చూశానన్నమాట. రెండుచోట్లా తప్పింది నేనే.

ముందు కంకి సంగతి. ముసుకుజొన్న మొక్క తలమీద మగపూత, నడుమున కంకి. కంకి కొసన వేలాడే పీచులో ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు దారి. గాలికి వచ్చిన పుప్పొడి ఏ పోగు మీద వాలితే ఆ పోగు చివర గింజ కడుతుంది. అంటే కంకిలో ఉన్న వందల గింజలకు తల్లి ఒక్కటే అయినా, తండ్రులు వేరువేరు. పక్కచేలో పసుపుపచ్చ జొన్న ఉంటే, దాని పుప్పొడి పడినచోటల్లా పసుపుగింజ కడుతుంది. పసుపు గుణం తెలుపును కప్పేస్తుంది కాబట్టి ఆ కలయిక ఆ కారులోనే కంటికి కనిపిస్తుంది. అందులో కల్తీ ఏమీ లేదు. ముసుకుజొన్న బతుకే అంత. నాలుగైదు తరాలు తనలో తనే కలిసేటట్టు కట్టడి చేస్తే మొక్క గిడసబారిపోతుంది. పరాయి పుప్పొడి అందితే మళ్లీ ఏపుగా లేస్తుంది.

ఇక మాట సంగతి. నేను ‘శుద్ధమైన’ మాటగా రాసిన టమాటా మెక్సికో ఆదివాసుల నవాత్ల్ భాషలోని ‘తోమత్ల్’. స్పానిష్ నోటా ఇంగ్లీషు నోటా నలిగి మన దగ్గరికి వచ్చింది. నేను కొట్టేసిన తక్కాళి ఈ నేలమీద పుట్టిన మాట. తమిళంలో ‘మణత్తక్కాళి’ అంటే మన కామంచి. చేలగట్ల మీద దానంతట అదే మొలిచే, చిన్న నల్లపండ్ల మొక్క. కొత్త పండు సముద్రం దాటి వచ్చినప్పుడు ఇక్కడి జనం దాని ఆకునూ పూవునూ చూసి, ఇది మన కామంచి చుట్టమే అని గుర్తుపట్టి, ఆ పేరే పెట్టారు. కోస్తాలో పెద్దవాళ్లు టమాటాను ‘రామములగ’ అనేవాళ్లు. అందులో ఉన్నదీ అడవి ములక మొక్కే. ఈనాటి వృక్షశాస్త్రం టమాటా, కామంచి, ములక, వంకాయ అన్నింటినీ ఒకే ప్రజాతిలో చేర్చింది. పుస్తకం చదవని జనం చూపుతో పట్టిన చుట్టరికాన్ని, పుస్తకం చదివిన నేను ఎర్రసిరాతో కొట్టేశాను.

3

ఆ పిల్లవాడి కంకి నన్ను ఇంకా దూరం తీసుకుపోయింది. అసలు ముసుకుజొన్న ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు కోసం శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగాలు కథకులు తెలుసుకోదగ్గవి.

ముసుకుజొన్న తనంతట తాను బతకలేదు. గింజలు కంకికి అంటుకునే ఉంటాయి, పైన ఆకుల ముసుగు. మనిషి ఒలిచి నాటకపోతే దాని వంశం ఆగిపోతుంది. అటువంటి మొక్క అడవిలో ఎలా పుట్టింది? మెక్సికోలో టియోసింటె అనే గడ్డి ఉంది. మనిషెత్తు పెరుగుతుంది. ఒక్క కాండం కాకుండా చాలా కొమ్మలు వేస్తుంది. దాని కంకిలో పట్టుమని పది, పన్నెండు గింజలు. ఒక్కో గింజకు రాయిలాంటి పెంకు. పండగానే విడివిడిగా రాలిపోతాయి. దీన్నీ ముసుకుజొన్ననూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే వంశమని ఎవరూ అనరు.

అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జ్ బీడిల్ 1930లలోనే ఈ రెంటినీ కలిపి చూశాడు. రెండింటికీ పదేసి జతల క్రోమోజోములు. కలిసినప్పుడు చక్కగా జతకట్టాయి. పుట్టిన మొక్క గొడ్డు పోలేదు. అంచేత టియోసింటె ముసుకుజొన్నకు తల్లి అని 1939లో వాదించాడు. పాల్ మాంగెల్స్‌డార్ఫ్ అనే మరో పెద్ద శాస్త్రజ్ఞుడు ఒప్పుకోలేదు. అసలు తల్లి అంతరించిపోయిన ఒక అడవిజొన్న అనీ, టియోసింటె ఆ తరవాతి సంకరంలో పుట్టిన బిడ్డ అనీ ఆయన సిద్ధాంతం. చాలాకాలం ఆయన మాటే నెగ్గింది. బీడిల్ వేరే పరిశోధనకు వెళ్లి 1958లో నోబెల్ బహుమతి పొందాడు. ఉద్యోగ విరమణ చేశాక మళ్లీ పాత తగాదాకు తిరిగివచ్చాడు. జొన్నకూ టియోసింటెకూ పుట్టిన మొదటితరం నుంచి రెండోతరం గింజలు తీసి, మెక్సికోలో దాదాపు 50,000 మొక్కలు పెంచాడు. ఎందుకు అన్ని?

ఇక్కడ చిన్న లెక్క ఉంది. సాహిత్య విద్యార్థులు భయపడనక్కరలేదు. మొదటితరంలో అన్నీ నడిమధ్య పోలికలే. రెండోతరంలో పోలికలు విడిపోతాయి. తల్లికీ తండ్రికీ ఒక్క జన్యువులోనే తేడా ఉంటే, రెండోతరంలో నాలుగు మొక్కలకు ఒకటి అచ్చం తల్లి, ఒకటి అచ్చం తండ్రి, మిగతా రెండూ మిశ్రమం. రెండు జన్యువుల తేడా అయితే అచ్చం తల్లిని పోలింది 16కు ఒకటి. నాలుగయితే 256కు ఒకటి. అయిదయితే 1024కు ఒకటి. వందల జన్యువుల తేడా అయితే 50,000 మొక్కల్లోనూ ఒక్కటి దొరకదు. బీడిల్‌కు దాదాపు 500 మొక్కలకు ఒకటి అచ్చం జొన్న, ఒకటి అచ్చం టియోసింటె కనిపించాయి. అంటే ఈ రెండింటి మధ్య ఉన్న ఆకాశమంత తేడాకు ముఖ్యమైన జన్యువులు నాలుగో అయిదో! తరవాత జాన్ డోబ్లీ, ఆయన సహచరులు అటువంటి జన్యువులను ఒక్కొక్కటే గుర్తించారు. కొమ్మలు తగ్గించి ఒక్క కాండం నిలబెట్టేది ఒకటి, గింజ పెంకును విప్పేది మరొకటి. సుమారు 9,000 ఏళ్ల కిందట మెక్సికోలోని బాల్సాస్ నదీప్రాంతంలో ఆదివాసీ రైతులు గింజ గింజా ఏరి ఈ మార్పు తెచ్చారని 2002లో తేలింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2023లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఆ జొన్న కొండప్రాంతాలకు ఎక్కాక అక్కడి మరో రకం టియోసింటెతో మళ్లీ కలిసింది. ఈనాటి ముసుకుజొన్న వారసత్వంలో నూటికి 15 నుంచి 25 పాళ్లు ఆ కొండగడ్డిదే. మెక్సికోలో కొన్నిచోట్ల రైతులు చేనిగట్టున టియోసింటెను పీకకుండా ఉండనిస్తారు. అది ఉంటే జొన్నకు బలమని వాళ్ల నమ్మకం. మనం ‘కలుపు’ అనే మాటను ఎంత తేలికగా వాడతామో తలుచుకోండి.

స్వచ్ఛత ఏమి చేస్తుందో కూడా ముసుకుజొన్నే చూపించింది. 1970లో అమెరికాలో ఆకు ఎండుతెగులు వచ్చింది. అక్కడి విత్తనంలో నూటికి 80 పాళ్లకు పైగా ఒకే తల్లి వంశంనుంచి వచ్చినది. తెగులు ఆ వంశం గుట్టు పట్టింది. దేశం మొత్తంమీద పంటలో సుమారు 15 శాతం పోయింది. అందరూ ఒకే పోలిక అయినప్పుడు ఒక్క శత్రువు చాలు.

4

కుప్పం నుంచి పుంగనూరుకు వద్దాం. పుంగనూరు అనగానే అందరికీ పొట్టి ఆవు గుర్తుకొస్తుంది. నాకు మాత్రం బెల్లం వాసన గుర్తుకొస్తుంది. చిత్తూరు జిల్లా బెల్లానికి పేరున్న జిల్లా. మా నాయన చెరువుకింద చెరకు వేసేవాడు. గానుగ ఆడే రోజుల్లో పిల్లలం పొయ్యి చుట్టూనే తిరిగేవాళ్లం. ఆ తీపిలో రెల్లుగడ్డి ఉందని ఎవరైనా అప్పుడు చెప్పివుంటే నవ్వివుందుం.

వాగుల గట్లమీద, ఇసుకదిబ్బల మీద తెల్లటి కుచ్చులతో ఊగే రెల్లు చెరకుకు అడవి చుట్టం. దాన్లో తీపి లేదు. లావు లేదు. కాని వేరు గట్టిది. ఎండకూ నీటికీ తెగుళ్లకూ తట్టుకుంటుంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఆ మరుసటి ఏడే, అదే మద్రాసు రాష్ట్రంలోని కోయంబత్తూరులో చెరకు పరిశోధన కేంద్రం మొదలైంది. అక్కడ బార్బర్, టి.ఎస్. వెంకటరామన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ‘వెళ్లై’ అనే లావుపాటి తియ్యచెరకును రెల్లుతో కలిపారు. ఆ కలయికలో పుట్టిన కో-205 రకాన్ని 1918లో ఉత్తరాది రైతులకు ఇచ్చారు. లావుచెరకు తాళలేని పంజాబు వాతావరణంలో అది నిలబడింది. తరవాత దక్షిణాదిలో దశాబ్దాలపాటు చేలు నింపిన కో-419 వంశంలోనూ రెల్లు ఉంది. మనదేశంలో ఈనాడు గానుగకు వెళ్లే చెరకులో రెల్లు పాలు లేని రకం దొరకడం కష్టం.

ఇక్కడ మన పనికి సంబంధించిన ఒక మాట ఉంది. లావు చెరకులకు డచ్చి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘కులీన చెరకులు’. జావాలో వాళ్లు అడవి రెల్లుతో కలిసి పుట్టిన మొక్కను మళ్లీ మళ్లీ కులీన చెరకుతో కలిపి తీపి పెంచే పద్ధతికి ‘కులీనీకరణ’ అని పేరు పెట్టారు. పేరు వింటే, తక్కువవాణ్ని పెద్దింటివాడుగా మార్చిన ఉపకారంలాగా ఉంది. జరిగింది చూస్తే, తెగుళ్లతో కూలిపోతున్న పెద్దింటిని రెల్లు నిలబెట్టింది. పాలకవర్గం భాష ప్రయోగశాలలోకి కూడా ఎలా నడిచివస్తుందో చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

5

ఇక మదనపల్లె. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, మరీ ముదరని ఎండ. అందువల్ల ఇక్కడ వేసవిలో కూడా టమాటా పండుతుంది. తెల్లవారుజామున మార్కెట్‌యార్డుకు వెళితే ఎర్రటి బాక్సుల వరసలు కంటికి ఆనవు. 2023 జూలైలో ఇక్కడ కిలో ధర 200 రూపాయల దరిదాపుకు పోయింది. కోతకూలి కూడా రాక, బాక్సులకు బాక్సులు రోడ్డుపక్కన పారబోసిన రోజులనూ ఇదే ఊరు చూసింది.

టమాటాకు అడవి చుట్టాలు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో ఉన్నాయి. సాగు టమాటా యూరప్‌కూ అక్కడినుంచి ప్రపంచానికీ పోయిన దారిలో, గుప్పెడు గింజల సంతానమే అన్నిచోట్లా వ్యాపించింది. పండు పెద్దదైంది, ఎర్రనైంది. రోగాన్ని ఎదిరించే గుణాలు మాత్రం చాలావరకు కొండల్లోనే ఉండిపోయాయి. అందుకే టమాటాకు తెగులు వచ్చినప్పుడల్లా మనిషి ఆ కొండలవైపు చూస్తున్నాడు.

1940లలో వేరును పాడుచేసే నులిపురుగుల బెడద తీర్చడానికి, కాలిఫోర్నియాలో పెరూ అడవి టమాటాతో సాగు టమాటాను కలపబోయారు. కాయలోనే పిండం చచ్చిపోతూ వచ్చింది. చివరికి చావకముందే పిండాన్ని కాయనుంచి తీసి, గాజు పాత్రలో పోషకాల మీద పెంచారు. ఆ విధంగా బతికిన ఒకే ఒక్క సంకర మొక్క నుంచి వచ్చిన గుణమే ఈనాడు నులిపురుగులను తట్టుకునే టమాటా రకాల్లో ఉన్నది.

1962లో హ్యూ ఇల్టిస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పెరూ కొండల్లో గోళీకాయంత పచ్చచారల పండ్లున్న కలుపుమొక్క ఒకటి చూశాడు. అక్కరకు వస్తుందో రాదో తెలియకుండానే గింజలు ఎండబెట్టి, కాలిఫోర్నియాలో టమాటా చుట్టాలన్నింటినీ పోగుచేస్తున్న చార్లెస్ రిక్‌కు పంపాడు. రిక్ దాన్ని సాగు టమాటాతో పదేళ్లకు పైగా కలుపుతూ, ఏరుతూ వచ్చాడు. ఫలితంగా పండురసంలో చక్కెర పాలు పెరిగింది. దాని విలువ అక్కడి పరిశ్రమకు ఏటా 80 లక్షల డాలర్లని ఇల్టిస్ తరవాత రాశాడు.

ఈ ఇల్టిస్ ముసుకుజొన్న కథలోనూ ఉన్నాడు. అడవిలో అంతరించిపోయిందనుకున్న బహువార్షిక టియోసింటె బొమ్మను నూతన సంవత్సర శుభాకాంక్షల కార్డు మీద వేసి మెక్సికో మిత్రులకు పంపాడు. గ్వాదలహారా విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకురాలు ఆ కార్డును విద్యార్థులకు చూపించి వెతకమంది. రఫాయెల్ గుజ్మాన్ అనే విద్యార్థి వెతికాడు. అది దొరకడమే కాదు, హలిస్కో కొండల్లో అంతవరకు శాస్త్రానికి తెలియని మరో బహువార్షిక టియోసింటె కూడా దొరికింది. 1979లో దాన్ని ప్రపంచానికి ప్రకటించారు. అది ముసుకుజొన్నతో కలుస్తుంది, జొన్నకు వచ్చే కొన్ని వైరస్ తెగుళ్లను తట్టుకుంటుంది. ఏటా నాటనక్కరలేని ముసుకుజొన్న మాత్రం ఇంకా రైతు చేతికి రాలేదు. ఆ కొండలను 1987లో రక్షిత ప్రాంతం చేశారు. ఒక బడిపంతులుగా నాకు ఈ కథలో నచ్చింది ఆ అధ్యాపకురాలు. తరగతిలో చూపించిన ఒక బొమ్మ అంత పని చేసింది.

మదనపల్లె రైతుకు అసలు శత్రువు ఆకుముడత. తెల్లదోమ వైరస్‌ను మొక్కనుంచి మొక్కకు మోస్తుంది. ఆకు ముడుచుకుని మొక్క గిడసబారుతుంది. పూత నిలవదు. ఎంత మందు కొట్టినా దోమను పూర్తిగా ఆపలేం. ఈ తెగులుకు తట్టుకునే గుణం కూడా అడవినుంచే వచ్చింది. 1990లో కల్లూ, బెనర్జీ అనే భారతీయ శాస్త్రజ్ఞులు ఒళ్లంతా నూగుండే అడవి టమాటాతో కలిపి తీసిన హెచ్-24 అనే వంశాన్ని ప్రకటించారు. అందులోని గుణాన్ని దేశదేశాల్లో టమాటా రకాల్లోకి ఎక్కించుకున్నారు. చిలీ వైపు అడవి టమాటా నుంచి మరికొన్ని గుణాలు వచ్చాయి. బెంగళూరు దగ్గరి భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన ఆర్క రక్షక్ వంటి సంకరాలు ఆకుముడతతోబాటు మరి రెండు తెగుళ్లను కూడా తట్టుకుంటాయి. వైరస్ కూడా మారుతూనే ఉంటుంది కాబట్టి ఈ పోరుకు ముగింపు లేదు.

అడవి గుణాన్ని ఎక్కించడం ఎలా? మొదటి కలయికలో సగం అడవి, సగం తోట. పండు గోళీకాయంత, చేదు. దాన్ని మళ్లీ తోటమొక్కతో కలిపితే అడవి పాలు నాలుగో వంతు. మళ్లీ కలిపితే ఎనిమిదో వంతు. ఈ విధంగా ఆరుసార్లు వెనక్కి కలిపితే 128లో ఒక వంతు మిగులుతుంది. ప్రతి తరంలోనూ వందల మొక్కలను తెగులుకు గురిచేసి, తట్టుకున్నవాటినే ఏరాలి. కావలసిన జన్యువును ఆనుకుని ఉన్న అక్కరలేని జన్యువులు కూడా వెంట వస్తాయి. పెళ్లికూతురి వెంట అప్పులవాళ్లు వచ్చినట్టు. వాటిని విడదీయడానికి ఇంకొన్ని ఏళ్లు. కాబట్టి సంకరం దానంతట అదే గొప్పదని నేననడం లేదు. కలయికలో పుట్టేవి చాలావరకు పనికిరాని మొక్కలే. విలువ పుట్టేది ఓపికతో చేసే ఏరివేతలో, అంటే శ్రమలో.

6

అయితే ఆ ఏరివేత ఎవరి అవసరం కోసం? రిక్ తీసిన తీపి గుణం ముఖ్యంగా పండును మరిగించి చిక్కపరిచే కార్ఖానాలకు లాభం. మదనపల్లె రైతుకు కావలసింది వేరు. లారీలో దూరం పోయినా చితకని పండు, ముడుచుకోని ఆకు. ఏ గుణం ఏరాలో నిర్ణయించే అధికారం ఎవరిదైతే పండు ఆకారం వాళ్లది.

ఈ సంగతి మా అన్న పొలంలో కళ్లారా చూశాను. ఒక ఏడు ఆయన పెట్టిన సంకర టమాటా ఏపుగా వచ్చింది, ముడత రాలేదు. విత్తనం ధర మండిపోతున్నదని, ఆ పండ్లలోంచే గింజలు తీసి మరుసటి కారుకు నారుపోశాడు. చేను చూసి నన్ను పిలిపించాడు. ‘ఒరే, ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ పోలికే లేదు గదరా. కొన్ని ముడుచుకుపోయినాయి. మా నాయన చెరకు ముక్కలు దాచి నాటినప్పుడు ఇట్ల కాలేదే’ అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు బీడిల్ చేలోనే ఉంది. చెరకును ముక్క నాటి పెంచుతాం. ముక్క తల్లికి నకలు. అందుకే రెల్లుతో కలిసి పుట్టిన చెరకును రైతు తరతరాలుగా తనే దాచుకోగలిగాడు. సంకర టమాటా అట్లా కాదు. కొన్న విత్తనం మొదటితరం, దాని పండులో గింజ రెండోతరం. అందులో పోలికలు విడిపోవడం ప్రకృతి నియమం. ముడతను తట్టుకునే గుణం తల్లిదండ్రుల్లో ఒకరిదే అయితే, రెండోతరంలో నాలుగింట ఒక మొక్కకు అది అసలే అందదు. బీడిల్‌కు జొన్న పుట్టుక చెప్పిన నియమమే మా అన్నకు నష్టం తెచ్చింది. 2001 నాటి మొక్క రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు అంటుంది. హక్కు ఉంది. కాని మొదటితరం విత్తనం విషయంలో ఆ హక్కుకు కాయ కాయదు. ఏటా అంగడికి పోవలసిందే.

మరొక అన్యాయం ఆ వైపున ఉంది. ఆండీస్ కొండల్లోంచి గింజలు తీసుకుపోయిన రోజుల్లో అడవిమొక్కలు మానవులందరి ఉమ్మడి ఆస్తి అనుకునేవాళ్లు. ఏ దేశపు మొక్కల మీద ఆ దేశానికే అధికారమని ఒప్పుకున్నది 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందంలో. తీసుకునేటప్పుడు ఉమ్మడి ఆస్తి. అమ్మేటప్పుడు సొంత ఆస్తి. గొడవ ఇక్కడ ఉంది. మన కవులు దీన్ని వదిలేసి కలయికను తిడుతున్నారు. హైబ్రిడ్ విత్తనం రైతును బానిస చేసిందని రాసేటప్పుడు, బానిస చేసింది రెండు మొక్కల కలయికా, ఆ కలయిక మీద పెత్తనమా అని ఒకసారి ప్రశ్నించుకోవాలి. మొదటిదాన్ని తిడితే మనం మనువు పక్కన నిలబడతాం. రెండోదాన్ని పట్టుకుంటే రైతు పక్కన నిలబడతాం.

7

రచయిత మిత్రులకు చివరిగా కొన్ని మాటలు. పొలం గురించి రాసేవాళ్లు పొలం సంగతులు తెలుసుకోవాలన్నది పాత మాటే. నేను చేర్చదలిచింది, పొలంనుంచి తెచ్చుకున్న ఉపమానాలకు కూడా అదే నియమం వర్తిస్తుందని. కలుపు అంటే పనికిరానిది అనుకుని రాసిన కవితకు రెల్లు అడ్డు చెబుతుంది. స్వచ్ఛమైన విత్తనం అనుకుని రాసిన కవితకు ముసుకుజొన్న అడ్డు చెబుతుంది. పాత విత్తనమంతా అమృతమనీ కొత్తదంతా విషమనీ గీత గీయడం సులభం. మా అన్నలాంటివాడికి ఆ గీత ఏమీ ఉపయోగపడదు. ఆయనకు ముడత రాని మొక్కా కావాలి, దాని గింజ తన ఇంట్లోనూ ఉండాలి. ఈ రెండు కోరికల మధ్య ఉన్న ఘర్షణ మంచి కథకు చాలినంత వస్తువు. నా కంటబడినంతలో ఇంకా ఎవరూ రాయలేదు.

విమర్శకులకు కూడా ఒక విన్నపం. ఒక రచన భాషలో రెండు మూడు ప్రాంతాల మాటలు కలిసినప్పుడు, కలిశాయి అన్నది దోషంగా లెక్కకట్టకండి. కలిసి ఏ గుణం వచ్చింది, ఏది పోయింది, రచయిత ఏరివేత సరిగా చేశాడా లేదా అని చూడండి. విమర్శకుడు చేయవలసిన పని అదే. అది చేయడానికి ఓపిక లేనప్పుడే ‘సంకరం’ అనే మాట నోటికి వస్తుంది.

కుప్పం పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. మదనపల్లె బడిలో ఈ ఏడు కూడా ఇద్దరు పిల్లలు వ్యాసాల్లో తక్కాళి అని రాశారు. ఎర్రకలం పక్కన పెట్టి, బడి ప్రహరీగోడ వెంట మొలిచిన కామంచి మొక్క దగ్గరికి తరగతినంతా తీసుకుపోయాను. దాని పూవునూ టమాటా పూవునూ పక్కపక్కన పెట్టి చూపించాను. చుట్టరికం ఏమిటో వాళ్లే చెప్పారు.